ఇల్ జెసూ గుడిలో అడ్డుగోడ ఎందుకు లేదు?

ప్రొటెస్టెంట్ ఉద్యమానికి దారితీసిన లూథర్ తిరుగుబాటుకు కతోలిక కళ ఇచ్చిన జవాబేమిటని ఎవరిని అడిగినా శిల్పి బెర్నినీ పేరే చెబుతారు. పాలరాతి మబ్బులు, బంగారు కిరణాలు, పారవశ్యంలో సొమ్మసిల్లిన పునీత తెరెసా. బాగానే ఉంది కానీ, తారీఖులు కలవవు. ఆ తిరుగుబాటుకు జవాబు తేల్చడానికి కతోలిక పెద్దలు జరిపిన ట్రెంట్ మహాసభ ముగిసింది 1563లో. బెర్నినీ తెరెసాను చెక్కడం మొదలుపెట్టింది 1647లో. ఈ మధ్య 80 ఏళ్లకు పైగా రోమ్ చేతులు ముడుచుకుని కూర్చుందా?

లేదు. గోడలు కూల్చింది. మధ్యయుగపు గుళ్లలో జనానికీ బలిపీఠానికీ మధ్య అడ్డుగోడ ఉండేది. అవతల సన్యాసులు పాడుకునేవారు, ఇవతల జనం అందింది విని సరిపెట్టుకునేవారు. ఫ్లోరెన్స్‌లోని సాంటా మరియా నొవెల్లాలో అలాంటి గోడను డ్యూక్ కోసిమో ఆదేశంతో చిత్రకారుడు, వాస్తుశిల్పి, కళాకారుల జీవితచరిత్రలు రాసిన వసారి 1565 ప్రాంతంలో తీసేశాడు. నిజానికి ట్రెంట్ తీర్మానాల్లో స్వరూపాల (గుళ్లోని బొమ్మలు, పటాల) గురించి ఉంది గానీ గుడి ఎలా కట్టాలో ఒక్క ముక్క లేదు. ఆ పని మిలాన్ అగ్రపీఠాధిపతి కార్లో బొరొమేయో 1577లో చేశాడు. పాపసంకీర్తనం చేసేవారికీ (గురువు దగ్గర పాపాలు ఒప్పుకునేవారికీ) గురువుకూ మధ్య పలక, దానికి పెట్టాల్సిన జాలీ దాకా రాసిపెట్టాడు.

ఇక రోమ్‌లో జెస్యూట్ల (యేసుసభ గురువుల) గుడి ఇల్ జెసూ సంగతి. 1568లో కార్డినల్ ఫర్నేసే వాస్తుశిల్పి విన్యోలాకు రాసిన ఉత్తరంలో షరతులు సూటిగా ఉన్నాయి: ఒకటే విశాలమైన హాలు, పక్కల చిన్న చాపెళ్లు, పైన వంపు కప్పు. ప్రసంగం ప్రతిధ్వనిస్తుందేమోనని జెస్యూట్లకు భయం, చదును కప్పు కావాలన్నారు. డబ్బిచ్చేది కార్డినల్ కాబట్టి ఆయన మాటే నెగ్గింది. అయినా గొడవ దేని మీదో చూడండి: మాట వినబడటం మీద! వాక్యోపదేశానికి పెద్దపీట వేసింది ప్రొటెస్టెంట్లు. రోమ్ వాళ్లను వెలివేసింది, వాళ్ల పాఠాన్ని మాత్రం వదులుకోలేదు. ఈరోజు అందరూ తలెత్తి చూసే, చిత్రకారుడు బచిచ్చో గీసిన కప్పుచిత్రం పూర్తయింది 1679లో. అంటే గుడి ప్రతిష్ఠ జరిగిన 1584 నుంచి దాదాపు వందేళ్లు ఆ కప్పు ఆ వైభవం లేకుండానే ఉంది.

బొమ్మల పోరాటం చిన్నదేం కాదని అంటారు, ఒప్పుకుంటాను. 1566లో ఆంట్వెర్ప్‌లో ప్రొటెస్టెంట్ల చేతుల్లో స్వరూపాలు పగిలాయి. అంతకు ఏడాది ముందే మైకెలాంజెలో 'తుది తీర్పు'లోని నగ్నదేహాలకు డానియెలే ద వొల్టెర్రా గుడ్డలు చుట్టాడు. కానీ ఇవి పాతవాటికి కాపలా, దిద్దుబాటు. కొత్తగా కట్టినప్పుడు కతోలిక సంస్కరణ ఏం కోరిందో హాలే చెబుతుంది.

ఈ కథలో నన్ను కలచే ముక్క వేరు. సాంటా మరియా నొవెల్లాలో వసారి ఆ అడ్డుగోడ తీసి ఊరుకోలేదు, పక్కగోడ మీద పాతతరం చిత్రకారుడు మసాచ్చో గీసిన 'త్రిత్వం' చిత్రానికి అడ్డంగా కొత్త పీఠం నిలబెట్టాడు. తన పుస్తకంలో తానే మెచ్చుకున్న చిత్రమది! 19వ శతాబ్దం దాకా అది వెలుగు చూడలేదు. చెరిపేయకుండా కప్పాడు కాబట్టి మనకు దక్కింది. రెండో వాటికన్ మహాసభ (1962–65) తర్వాత మళ్లీ ఇదే ఊపు వచ్చింది. మన తెలుగు విచారణల్లోనూ (ఒక్కో గుడి పరిధిలోని కతోలిక సంఘాల్లోనూ) పూజ తెలుగులోకి వచ్చింది, గురువు జనంవైపు తిరిగాడు. మంచిదే. అయితే పాత గుడి పడగొట్టి పెద్దది కట్టాలనుకునే ఏ విచారణ కమిటీ అయినా ముందు కొలతలు, ఫొటోలు తీయించి మేత్రాసనానికి (పీఠాధిపతి కార్యాలయానికి) అప్పగించాకే పలుగు పట్టాలి. ఈ నియమం పెట్టడానికి పీఠాధిపతుల (బిషప్పుల) సంతకం చాలు, ఇంకో మహాసభ అక్కర్లేదు.