తెర ఇచ్చారు, తీరిక ఇవ్వండి

కుంభాకార కటకం పాఠం చెప్పేటప్పుడు చేయి తిరిగిన ఉపాధ్యాయుడు నల్లబల్ల మీద ముందు ఒక అడ్డగీత గీస్తాడు. అది ప్రధానాక్షం. దాని మధ్యలో కటకం, అటూ ఇటూ నాభులు. ఎడమపక్క వస్తువును నిలబెట్టి, దాని కొన నుంచి అక్షానికి సమాంతరంగా ఒక కిరణం గీసుకుంటూ వచ్చి, కటకం దగ్గర సుద్దముక్క ఆపి తరగతి వైపు తిరుగుతాడు. ‘ఇక్కడి నుంచి ఇది ఎటు పోతుంది?’ అని అడుగుతాడు. ఒకరు పైకి అంటారు, ఒకరు తిన్నగా అంటారు, నాభి గుండా పోతుందని వెనక బెంచీ నుంచి మరొకరు అంటారు. పిల్లలంతా ఆయనతోపాటే స్కేలు పట్టుకుని నోటు పుస్తకాల్లో గీస్తూ ఉంటారు. రెండో కిరణం కటక కేంద్రం గుండా సూటిగా పోయి మొదటిదాన్ని ఖండించేసరికి, ప్రతిబింబం తలకిందులుగా ఎందుకు పడిందో వేరే చెప్పనక్కర్లేదు.

అదే పాఠాన్ని స్లయిడ్ల మీద నడిపిస్తున్న చాలాచోట్ల పూర్తయిన బొమ్మ ఒక్కసారే తెర మీద ప్రత్యక్షమవుతుంది. పక్కన ఐదారు ఇంగ్లిష్ వాక్యాలు. ఉపాధ్యాయుడు వాటిని చదువుతాడు, పిల్లలు చూసి రాసుకుంటారు, మీట నొక్కగానే తర్వాతి స్లయిడు వచ్చేస్తుంది. పాఠం తొందరగా పూర్తవుతుంది. కిరణం ఎటు పోతుందన్న ప్రశ్న మాత్రం ఎవరికీ ఎదురు కాదు.

దీనికి ఉపాధ్యాయులను నిందించడం సులువు. మేము ఆ పని చేయం. తెరతోపాటు వారికి అందవలసినవి మరికొన్ని ఉన్నాయి: పాఠం తయారు చేసుకునే సమయం, పిల్లల భాషలో బోధన సామగ్రి, పరికరం చెడిపోతే వెంటనే బాగుచేయించే ఏర్పాటు. అవి అందనప్పుడు ఎంత మంచి ఉపాధ్యాయుడైనా దొరికిన స్లయిడ్లను దింపుకుని చదివి వినిపించడం కంటే ఏం చేయగలడు?

పరికరాల విషయంలో తెలుగు రాష్ట్రాలు వెనకబడి లేవు. ఆంధ్రప్రదేశ్‌లో నాడు-నేడు తొలి విడత బడుల్లోనే 30 వేలకు పైగా ఇంటరాక్టివ్ ప్యానెళ్లు, అంటే వేలితో తాకి నడిపే పెద్ద తెరలు బిగించారు, చిన్న తరగతులకు స్మార్ట్ టీవీలు పెట్టారు. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి విద్యార్థులకూ ఉపాధ్యాయులకూ ట్యాబులు పంచడం మొదలైంది. తెలంగాణలో అదే ఏడాది మార్చిలో ఆరంభించిన ‘మన ఊరు - మన బడి’ కార్యక్రమంలో మరుగుదొడ్లు, తాగునీరు, ప్రహరీలతోపాటు డిజిటల్ సౌకర్యాలనూ చేర్చారు. 2017లో కేంద్రం తెచ్చిన దీక్ష అనే డిజిటల్ పాఠాల వేదికకు దారి చూపే క్యూఆర్ కోడ్‌లు పాఠ్యపుస్తకాల్లో అచ్చవుతున్నాయి. కార్పొరేటు బడిలో చదివే పిల్లవాడికి ఉన్నది కూలివారి బిడ్డకూ ఉండాలన్న సంకల్పాన్ని మేము మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాం. ఇంత ప్రజాధనం పోసి తెచ్చిన తెర మీద పాఠం నల్లబల్ల మీది పాఠానికన్నా పలచబడకూడదనే మా ఆరాటమంతా.

ముగింపునే ముందు చూపించే గుణం స్లయిడ్లకు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవడం మంచిది. పవర్‌పాయింట్ బడి కోసం పుట్టలేదు. రాబర్ట్ గాస్కిన్స్, డెన్నిస్ ఆస్టిన్ అనే ఇద్దరు ఫోర్‌థాట్ అనే చిన్న కంపెనీలో దాన్ని మెకింటాష్ కంప్యూటర్ల కోసం తయారు చేసి 1987లో విడుదల చేశారు. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ 1.4 కోట్ల డాలర్లకు ఆ కంపెనీని కొనేసింది. కార్యాలయాల్లో ఒక ప్రతిపాదనను పైవారికి నచ్చజెప్పడానికి అది సరిపోయే సాధనం. నచ్చజెప్పేవారికి ముందు నిర్ణయం కావాలి, దాని కింద పొడిపొడి కారణాలు కావాలి. నేర్చుకునేవారి నడక ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. వారు సందేహంతో మొదలై, ఒక్కో మెట్టూ ఎక్కి, నిర్ణయాన్ని చివర అందుకుంటారు.

సందేహాన్ని స్లయిడు ఎంత తేలిగ్గా దాచేయగలదో చెప్పడానికి మనకు బాగా గుర్తున్న విషాదమే ఒకటుంది. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా వ్యోమనౌక ముక్కలై కల్పనా చావ్లా సహా ఏడుగురు మరణించారు. నౌక బయల్దేరినప్పుడే ఇంధన ట్యాంకు మీది నురగ ముక్క ఊడి ఎడమ రెక్కకు తగిలింది. వారు అంతరిక్షంలో ఉండగానే ఇంజినీర్లు ఆ దెబ్బ తీవ్రతను అంచనా వేసి స్లయిడ్ల రూపంలో నాసా అధికారుల ముందు పెట్టారు. అప్పటిదాకా పరీక్షల్లో వాడిన ముక్క 3 ఘనపు అంగుళాలు, తగిలిన ముక్క 1,920 ఘనపు అంగుళాలు. అంటే 640 రెట్లు పెద్దది. పాత పరీక్షల ఆధారంగా ఏమీ తేల్చలేమని చెప్పే ఆ అంకె స్లయిడు అట్టడుగున చిన్న అక్షరాల్లో ఉండిపోయింది. ధీమా పుట్టించే శీర్షిక పైన ఉంది. సాంకేతిక నివేదికల స్థానంలో ఇలా స్లయిడ్ల మీద ఆధారపడటాన్ని ప్రమాదంపై దర్యాప్తు జరిపిన మండలి గట్టిగా తప్పుపట్టింది. తలపండిన శాస్త్రవేత్తల కళ్లనే దాటిపోయినప్పుడు, పదమూడేళ్ల పిల్లలు ఐదారు పొడి వాక్యాల నుంచి ఒక భావన మొత్తం పట్టుకోవాలని ఎలా ఆశిస్తాం?

తెర మీద ఉన్న వాక్యాలనే పైకి చదవడం గురించి కూడా ఒక మాట చెప్పాలి. బొమ్మలు, మాటలు కలిపి బోధించినప్పుడు పిల్లలు ఎలా నేర్చుకుంటారన్నదాన్ని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ మేయర్ దశాబ్దాలపాటు ప్రయోగాలతో పరిశీలించారు. బొమ్మను చూపుతూ నోటితో వివరిస్తే బాగా అర్థమవుతుందనీ, అదే వివరణను అక్షరాల్లో కూడా పక్కన పెడితే నేర్చుకోవడం తగ్గుతుందనీ ఆయన తేల్చారు. కన్ను ఒక వేగంతో చదువుతుంది, చెవి మరో వేగంతో వింటుంది, మనసు ఆ రెండింటినీ కలపడంలోనే అలసిపోయి బొమ్మను వదిలేస్తుంది. మన శిక్షణ తరగతుల్లో ఈ ఒక్క సంగతి చెప్పి వదిలినా సగం స్లయిడ్లు బాగుపడతాయి. తెర మీద బొమ్మ ఉండాలి, మాట ఉపాధ్యాయుడి నోట రావాలి.

తెర నిజంగా గెలిచే చోట్లు వేరే ఉన్నాయి. అర్ధవృత్తంలో కోణం లంబకోణమని నల్లబల్ల మీద ఒక త్రిభుజం గీసి చెబితే, ఆ ఒక్క త్రిభుజానికే అది నిజమని పిల్లలు అనుకోవచ్చు. ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో మార్కస్ హోహెన్‌వార్టర్ 2001లో విద్యార్థిగా ఉన్నప్పుడు మొదలుపెట్టిన జియోజీబ్రా అనే గణిత సాఫ్ట్‌వేర్ తెర మీద ఉంటే, ఒక అమ్మాయిని పిలిచి వృత్తం మీది బిందువును వేలితో జరపమనవచ్చు. బిందువు కదులుతుంటే భుజాలు పొడవవుతాయి, పొట్టివవుతాయి, మిగతా రెండు కోణాలూ మారిపోతుంటాయి. అక్కడి కోణం దగ్గర మాత్రం 90 కదలకుండా నిలబడి ఉంటుంది. ‘ఎందుకు మారడం లేదు?’ అని తరగతే అడుగుతుంది. అప్పుడు నల్లబల్ల దగ్గరికి వెళ్లి నిరూపణ మొదలుపెట్టాలి. తెరా నల్లబల్లా ఒకదాని చోటు ఒకటి ఆక్రమించకుండా పని పంచుకోవడమంటే మా ఉద్దేశంలో ఇదే.

నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో ప్రారంభించిన ఫెట్ అనుకరణలు, అంటే తెర మీదే చేసి చూసే ప్రయోగాలు కూడా అంతే విలువైనవి. బ్యాటరీ, తీగలు, బల్బు తెర మీద కలిపి వలయం పూర్తి చేయవచ్చు. తప్పుగా కలిపితే షార్ట్ సర్క్యూటై మంట లేవడం కనిపిస్తుంది. ప్రయోగశాల లేని బడిలో, ఉన్నా అమ్మీటరు పనిచేయని బడిలో ఇది చిన్న సాయం కాదు. ఇవి ఉచితం. ఒకసారి దింపుకుంటే ఇంటర్నెట్ లేకపోయినా నడుస్తాయి. అయితే చేతితో తీగ చుట్టి బల్బు వెలిగించిన పిల్లలకు కలిగే సంతోషం తెర ఇవ్వలేదు గనుక, రెండు బ్యాటరీలు, ఒక బల్బు కొనే డబ్బు కూడా బడి దగ్గర ఉండాలి.

అన్నింటికన్నా తక్కువ ఖర్చుతో అయ్యే మార్గం ఇంకొకటి ఉంది. ఒక విద్యార్థి లెక్క చేసిన నోటు పుస్తకాన్ని ఉపాధ్యాయుడు తన ఫోను కెమెరాతో తెర మీదకు తెచ్చి, ఎక్కడ దారి తప్పిందో అందరూ కలిసి వెతికేలా చేయడం. పేరు మూసి చూపిస్తే ఆ పిల్లవాడు చిన్నబుచ్చుకోడు. దీనికి స్లయిడు అక్కర్లేదు.

ఇక భాష సంగతి. ఇంగ్లిష్ మాధ్యమం వైపు మళ్లినప్పుడు రెండు రాష్ట్రాలూ ద్విభాషా పాఠ్యపుస్తకాలు తెచ్చాయి. ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిష్. మంచి నిర్ణయం. తెర మీదకు వచ్చేసరికి మాత్రం ఆ తెలుగు పేజీ తరచుగా మాయమవుతోంది. తెలుగులో తయారు చేద్దామని కూర్చున్న ఉపాధ్యాయుడికి అడుగడుగునా అడ్డంకులే. డీటీపీ కోసం వాడే పాత ఫాంట్లలో టైపు చేసిన స్లయిడు ఇంటి కంప్యూటర్లో చక్కగా కనిపిస్తుంది, బడిలో తెరిస్తే అర్థంకాని గుర్తుల గుంపు అవుతుంది. ఏ కంప్యూటర్లోనైనా చదవగలిగే యూనికోడ్‌లో చేసినా వరుసల మధ్య ఎడం ఇంగ్లిష్ అక్షరాలకు సరిపోయేంతే ఉంటే, ‘శాస్త్రీయం’, ‘లక్ష్మి’ వంటి మాటల్లో ఒత్తులు కింది వరుస గుడుల మీదకు ఎక్కి వెనక బెంచీకి నల్లటి మరకలా కనిపిస్తాయి. పొన్నాల, రవిప్రకాశ్, లక్కిరెడ్డి, మండలి, రామభద్ర వంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లు ఉన్నాయి. వాటితో అక్షరాల పరిమాణం, వరుసల ఎడం ముందే సరిచేసిన ఖాళీ స్లయిడ్లను తయారు చేసి ప్రతి బడికీ పంపడం విద్యా పరిశోధన, శిక్షణ మండళ్లకు కొద్ది రోజుల పని. ఇంతవరకు అది ప్రతి ఉపాధ్యాయుడూ విడిగా పడుతున్న పాటుగా మిగిలిపోవడం బాధాకరం.

సామగ్రి ఎవరిదన్న ప్రశ్న ఇంకా పెద్దది. ట్యాబుల్లో ఆంధ్రప్రదేశ్ పెట్టిన పాఠాలు బైజూస్ అనే ప్రైవేటు ఆన్‌లైన్ చదువుల కంపెనీవి. ఆ కంపెనీ 2024 జులైలో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. కంపెనీలు లేస్తాయి, పడిపోతాయి, అది వ్యాపారం. లక్షల మంది పిల్లల పాఠాలు ఆ ఒడుదొడుకులతో ముడిపడి ఉండకూడదు. కేరళ వేరే దారి పట్టింది. అక్కడ 2018లో మొదలైన హైటెక్ స్కూల్ పథకం కింద 4,752 బడుల్లో 45 వేల తరగతి గదులకు ల్యాప్‌టాప్‌లు, ప్రొజెక్టర్లు ఇచ్చారు. వాటిలో నడిచేది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. శిక్షణ ఇచ్చేవారు సాటి ఉపాధ్యాయులే. కైట్ అనే ప్రభుత్వ సంస్థ ఆధ్వర్యంలో పాఠ్య సామగ్రిని సమగ్ర అనే వేదిక మీద ఉంచి, దాన్ని ఉపాధ్యాయులే పెంచుకుంటూ వచ్చారు. ‘లిటిల్ కైట్స్’ పేరుతో విద్యార్థుల క్లబ్బులు పెట్టి పరికరాలను చూసుకోవడం వారికే నేర్పారు. మన దగ్గర ఇంతకన్నా తక్కువ ప్రతిభ ఏమీ లేదు. లేనిదల్లా ఉపాధ్యాయుడు తయారు చేసిన మంచి పాఠం పక్క మండలానికి చేరే దారి.

పాత అనుభవమూ మనకుంది. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఇస్రో, నాసా కలిసి ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు టీవీ పాఠాలు అందించాయి. అప్పటి ఆంధ్రప్రదేశ్ గ్రామాలూ వాటిలో ఉన్నాయి. పొద్దున బడి పిల్లలకు, సాయంత్రం ఊరందరికీ. ఆ ప్రయోగంలోనే వేలాది ప్రాథమికోపాధ్యాయులకు విజ్ఞానశాస్త్ర బోధనపై శిక్షణ కూడా ఇచ్చారు. 1976 జులైలో ప్రయోగం ముగిసింది, ఉపగ్రహం మన ఆకాశం నుంచి తరలిపోయింది. శిక్షణ పొందిన ఉపాధ్యాయులు మాత్రం ఇక్కడే ఉన్నారు.

స్వీడన్ 2023లో పాఠ్యపుస్తకాల వైపు తిరిగి మొగ్గిందని చూపించి తెరలన్నీ తీసేయాలనే వాదన ఇక్కడా వినిపిస్తోంది. దానితో మేము ఏకీభవించం. అక్కడ చాలామంది పిల్లల ముందు సొంత పరికరం ఉంది. మన ప్రభుత్వ బడుల్లో ఎక్కువచోట్ల తరగతి మొత్తానికి ఒక తెర ఉంది, అది కలిసి చూసే తెర. మన పిల్లల సమస్య ఇంట్లోని ఫోను. పిల్లల చదువుల తీరుపై జరిగే అసర్ సర్వేలో 2024లో గ్రామీణ భారతంలోని 14-16 ఏళ్ల వారిలో 82 శాతం స్మార్ట్‌ఫోను వాడటం వచ్చని చెప్పారు. వారిలో అంతకుముందు వారంలో దాన్ని సామాజిక మాధ్యమాలకు వాడినవారు 76 శాతం, చదువుకు సంబంధించిన పనికి వాడినవారు 57 శాతం. తెరతో ఆలోచించవచ్చని పిల్లలకు చూపించగల చోటు బడి ఒక్కటే. అందుకే స్లయిడ్లు చేసే పనిలో పిల్లలకూ వాటా ఇవ్వాలి. తమ ఊరి చెరువు ఎప్పుడు నిండుతుంది, ఎవరి పొలాలకు నీరు పోతుంది, తూము ఎక్కడ పాడైంది అన్నవి నలుగురు కలిసి కనుక్కుని, మూడు నాలుగు ఫొటోలతో తరగతి ముందు తెలుగులో చెప్పమనండి. అంతమంది ముందు నిలబడి మాట్లాడటం ఆ పిల్లలకు జీవితాంతం పనికొస్తుంది.

ఇదంతా జరగాలంటే ఉపాధ్యాయుడికి తీరిక కావాలి. ముప్పావుగంట పాఠానికి ఆలోచించి స్లయిడ్లు చేయాలంటే కొన్ని గంటలు పడుతుంది. ప్రభుత్వ బడిలో ఆ గంటలు హాజరు యాప్‌కూ, మధ్యాహ్న భోజనం ఫొటోలకూ, సాయంత్రానికల్లా పంపాలని వచ్చే పట్టికలకూ పోతున్నాయి. డిజిటల్ అనే మాట వింటే ఉపాధ్యాయులకు ముందుగా గుర్తొచ్చేది పాఠం కాకుండా పర్యవేక్షణ కావడం విద్యాశాఖ తీవ్రంగా ఆలోచించవలసిన విషయం. ఆ పనులను వేరే సిబ్బందికి అప్పగించి, వారానికి కనీసం రెండు పీరియడ్లు పాఠాల తయారీకి టైమ్ టేబుల్లోనే కేటాయించాలి. ఎన్ని ప్యానెళ్లు బిగించామన్న లెక్కతోపాటు, జిల్లాలో ఉపాధ్యాయులు స్వయంగా చేసి పంచుకున్న పాఠాలెన్ని అన్న లెక్క కూడా సమీక్షల్లో అడగాలి.

మరమ్మతు కోసం ప్రధానోపాధ్యాయుడి చేతిలో చిన్న నిధి ఉండాలి, మండల స్థాయిలో ఒక సాంకేతిక నిపుణుడు ఉండాలి. వీటికి డబ్బు కావాలి, బడ్జెట్ దాకా ఆగక తప్పదంటే అర్థం చేసుకోగలం. పైసా ఖర్చు లేనిది ఒకటుంది. పాడైతే తన మెడకు చుట్టుకుంటుందన్న భయంతో రిమోట్లు, పెన్నులు బీరువాలో పెట్టి తాళం వేస్తున్న ప్రధానోపాధ్యాయులు ఉన్నారు. పాఠం చెబుతుండగా చెడిపోయిన పరికరానికి ఉపాధ్యాయుల జీతాల నుంచి వసూళ్లు ఉండవని, వారి మీద విచారణలు ఉండవని రెండు ప్రభుత్వాలూ స్పష్టంగా ఉత్తర్వులివ్వాలి. జూన్‌లో బడులు తెరిచేలోపే ఆ ఉత్తర్వులు ప్రతి బడికీ చేరాలి.