పగిలిన ఓడ మనదే, చేపా మనదే

రెక్‌ఫిష్ అనే సముద్రపు చేప మన వరంగల్‌దేనని ఇందుమూలంగా తెలియజేస్తున్నాను. ఇంగ్లీషులో రెక్ అంటే పగిలిన ఓడ. మనకు సముద్రమే లేదు కదా అనేవాళ్లు చరిత్ర చదవనివాళ్లు. ఓరుగల్లు ఏలిన గణపతిదేవుడు 1244 ప్రాంతంలో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. అంతకుముందు రాజులు తుఫానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా లాక్కునేవారు. ఈయన సుంకం మాత్రం పుచ్చుకుని మిగతాది ఎవరిది వాళ్లకే వదిలేశాడు. పగిలిన ఓడలకు దిక్కు కాకతీయులైనప్పుడు, వాటి పేరు పెట్టుకున్న చేపకు వేరే దిక్కెక్కడిది?

ఈ చేప పిల్లప్పుడు నీటి మీద తేలే దుంగల కింద, ఓడముక్కల కింద నీడ వెతుక్కుంటుంది. రెండడుగులు పెరిగాక అడుగుకు దిగి, వందల మీటర్ల లోతున రాళ్ల సందుల్లో కాపురం పెడుతుంది. రెండు మీటర్ల పొడవు, వంద కిలోల బరువు దాకా పెరుగుతుంది. డెబ్బై ఏళ్లు దాటి బతికినవీ ఉన్నాయి.

ఇంతటిది చెరువులో బతుకుతుందా అని టెన్షన్ వద్దు. బాల్యానికి కావలసిన ఏర్పాట్లన్నీ మన చెరువుల్లో చేసి పెట్టాం: గుర్రపుడెక్క, థర్మకోల్, నిమజ్జనమైన వినాయకుల చెక్కలు. ఉప్పంటారా, నాలా కలిసే చోట ఉప్పూకారం అన్నీ ఉంటాయి. ఇక లోతు. పూడికతీత బిల్లులు చూస్తే అట్లాంటిక్‌ను మించి తవ్వినట్టే కనిపిస్తోంది. కొలబద్ద దించి చూడడం అపనమ్మకం అవుతుంది.

నిదానంగా పెరిగే చేప కాబట్టి పట్టేకొద్దీ తరిగిపోతుందని అమెరికా 1992లోనే వేటను వాటాలు వేసింది. బ్రెజిల్ 2005లో వేటే ఆపేసింది. మన దగ్గర ఇంతవరకు ఒక్క రెక్‌ఫిష్‌నూ పట్టలేదు. సంరక్షణలో మనమే ముందున్నాం.

అందుకే ఈసారి సర్కారు చెరువుల్లో వదిలే ఉచిత చేపపిల్లల్లో రవ్వ, బొచ్చెలతో పాటు దీన్నీ చేర్చాలని అర్జీ రాసి, సంతకానికి మా మత్స్య సంఘం పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన అంతా విని, వల కుట్టడం ఆపకుండానే అడిగాడు.

"పిల్లలు పెట్టే ఈడుకు ఎన్నేండ్లు పడ్తది సారూ?"

"పదేళ్ల పైనే."

"అంటే రెండు ఎలక్షన్లు. వదిలినాయన ఫ్లెక్సీ ఒకటి, పట్టినాయన ఫ్లెక్సీ ఒకటి. నడుమ పదేండ్లు మేం ఏం దినాలె?"

ఆ కాలం రాష్ట్ర చేప కొరమీనుతో సర్దుకోవచ్చని అర్జీలో ఒక వాక్యం కలిపాను. సంతకం ఇంకా పెట్టలేదు.