మంచును చూసి పొగ అనుకున్నారు: కె2-18బి సందేశానికి ఖండన

"124 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న కె2-18బి గ్రహం మీద జీవం దొరికింది. 99.7 శాతం ఖాయం. జీవుల వల్ల తప్ప మరే విధంగానూ పుట్టని వాయువు అక్కడ ఉంది. ఆ గ్రహమంతా సముద్రమే. కనిపెట్టింది మన భారతీయుడు కాబట్టి నాసా ఒప్పుకోకుండా దాచిపెడుతోంది."

2025 ఏప్రిల్ నుంచి ఈ సందేశం ఫోన్లలో తిరుగుతూనే ఉంది. కింద నీలి గ్రహం, పక్కన ఎర్రటి సూర్యుడు ఉన్న బొమ్మ ఒకటి. నేను ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. మా తరగతి పిల్లలు దీన్ని చూపించి "నిజమేనా టీచర్?" అని అడిగినప్పుడు వాళ్ల ముఖాల్లో కనిపించిన ఆశ నాకూ ఉంది. భూమికి అవతల జీవం ఉందన్న వార్త నేను బతికి ఉండగా వినాలని నా కోరిక. ఆ వార్త వచ్చిన రోజున పిల్లలు నమ్మాలంటే, రాని రోజున వచ్చిందని వాళ్లకు చెప్పకూడదు. అందుకే ఈ సందేశంలోని మాటలను ఒక్కొక్కటిగా పట్టుకుని జవాబు రాస్తున్నాను.

ముందుగా బొమ్మ సంగతి. అది ఫోటో కాదు, చిత్రకారులు ఊహించి గీసినది. కె2-18బిని ఏ టెలిస్కోపూ ఒక గ్రహంగా విడిగా చూడలేదు. 2015లో కెప్లర్ టెలిస్కోపు దాన్ని పరోక్షంగా పట్టుకుంది. సింహరాశి దిక్కున ఉన్న ఒక చిన్న ఎర్ర నక్షత్రం ముందు నుంచి ఆ గ్రహం 33 రోజులకోసారి అడ్డంగా వెళుతుంది. అప్పుడు నక్షత్రపు వెలుగు వెయ్యిలో మూడు వంతులు తగ్గుతుంది. మనకు కనిపించేది ఆ తగ్గుదల ఒక్కటే. గ్రహం చుట్టూ ఉన్న వాయువుల పొర గుండా వడకట్టుకుని వచ్చే కాంతి అందులోనూ అతి స్వల్పమైన భాగం. ఏ రంగు కాంతి ఎంత తగ్గిందో కొలిచి, ఫలానా వాయువు అడ్డుకుని ఉంటుందని అంచనా కడతారు. కొలిచేది కాంతిని, చెప్పేది వాయువు పేరు. ఈ రెండింటి మధ్య లెక్కలు, ఊహలు, నమూనాలు చాలా ఉన్నాయి. సందేశం రాసినవారు వాటన్నిటినీ ఒక్క గెంతులో దాటేశారు.

ఇక "99.7 శాతం ఖాయం" అన్న మాట. సందేశం మొత్తంలో అందరినీ నమ్మించింది ఈ అంకే కాబట్టి దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలోని నిక్కు మధుసూదన్ బృందం జేమ్స్ వెబ్ టెలిస్కోపుతో ఈ గ్రహాన్ని పరిశీలించి, 2025 ఏప్రిల్‌లో ఆస్ట్రోఫిజికల్ జర్నల్ లెటర్స్‌లో పరిశోధన పత్రం ప్రచురించింది. డైమిథైల్ సల్ఫైడ్, డైమిథైల్ డైసల్ఫైడ్ అనే రెండు వాయువుల్లో ఏదో ఒకటి, లేదా రెండూ ఉన్నట్లు సంకేతం కనిపిస్తోందని, దాని బలం మూడు సిగ్మాలని రాసింది. మూడు సిగ్మాలంటే, అక్కడ అలాంటి వాయువు లేకపోయినా కొలతల్లోని ఒడుదొడుకుల వల్లే ఇంత బలమైన సంకేతం కనిపించే అవకాశం వెయ్యికి మూడు. ఆ మూడును వెయ్యిలోంచి తీసేసి, మిగిలినది 99.7 శాతమని, అంత శాతం జీవం ఉన్నట్లేనని సందేశం తేల్చింది. ఈ తీసివేత తప్పు.

అష్టాచెమ్మా ఆడినవారికి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఒక్కో గవ్వ వెల్లకిలా పడేందుకూ బోర్లా పడేందుకూ సమానమైన అవకాశం ఉందనుకుందాం. నాలుగూ బోర్లా పడి అష్ట రావడానికి అవకాశం పదహారింట ఒకటి. వరుసగా రెండు అష్టలు పడటానికి 256లో ఒకటి, అంటే వెయ్యికి సుమారు నాలుగు. మీ చెల్లెలికి వరుసగా రెండు అష్టలు పడ్డాయి. ఆమె 99.6 శాతం మోసం చేసిందని అంటారా? అనరు. ఎందుకంటే మోసం లేకుండా రెండు అష్టలు పడే అవకాశం వేరు, రెండు అష్టలు పడ్డాక అది మోసమయ్యే అవకాశం వేరు. రెండోది చెప్పాలంటే చెల్లెలు ఎలాంటిదో, గవ్వలు ఎలాంటివో, ఆ రోజు మొత్తం ఎన్నిసార్లు వేసిందో కూడా తెలియాలి. కె2-18బి విషయంలో అలా తెలియాల్సినవి చాలా మిగిలి ఉన్నాయి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ వెయ్యికి మూడు అన్న లెక్క వాయువు గురించి వేసింది. జీవం గురించి ఎవరూ ఏ లెక్కా వేయలేదు.

పైగా మూడు సిగ్మాలను ఈ రంగంలో ఎవరూ ఆవిష్కరణగా లెక్కించరు. అడిగేది ఐదు సిగ్మాలు, అంటే అలాంటి సంకేతం యాదృచ్ఛికంగా కనిపించే అవకాశం సుమారు 17 లక్షల్లో ఒకటి. ఈ సంగతి ఆ పత్రం రాసిన బృందమే చెప్పింది. ఆ స్థాయికి చేరాలంటే వెబ్ టెలిస్కోపుకు మరో 16 నుంచి 24 గంటల పరిశీలన సమయం కావాలని కూడా చెప్పింది. సందేశంలో ఇదేదీ లేదు.

ఆ మూడు సిగ్మాలైనా నిలబడ్డాయా? పత్రం వచ్చిన కొన్ని వారాల్లోనే మూడు బృందాలు అవే కొలతలను మళ్లీ లెక్కించాయి. ఆక్స్‌ఫర్డ్‌లోని జేక్ టేలర్ ఏ వాయువునూ ముందుగా అనుకోకుండా చూస్తే, ఆ కొలతలకు ఒక సమతలమైన గీత కూడా సరిపోయింది. అంటే అందులో చెప్పుకోదగ్గ ఎత్తుపల్లాలే లేవు. షికాగో విశ్వవిద్యాలయంలోని రఫాయెల్ లూకె బృందం వెబ్ సేకరించిన పాత కొలతలనూ కొత్తవాటినీ కలిపి చూసింది. సంకేతం తేలిపోయింది. ఆరిజోనాలోని లూయిస్ వెల్‌బ్యాంక్స్ బృందం చేసిన పని నాకు మరీ నచ్చింది. కేంబ్రిడ్జివారు పరీక్షించిన వాయువులు 20. వీళ్లు ఆ జాబితాను 90కి పెంచారు. నీలం చొక్కా వేసుకున్నవాడు దొంగ అని సాక్షి చెప్పాడనుకోండి. ఇరవై మందిని నిలబెడితే నీలం చొక్కా ఒక్కడికే ఉంది, దొరికాడన్నారు. తొంభై మందిని నిలబెడితే నీలం చొక్కాలు ఇంకా కొన్ని కనిపించాయి. ఈ గ్రహం విషయంలో అదే జరిగింది. ప్రొపైన్ అనే సాధారణమైన హైడ్రోకార్బన్ వాయువు కూడా ఆ కొలతలకు చక్కగా సరిపోయింది. ప్రొపైన్‌కు జీవంతో ఏ సంబంధమూ అక్కర్లేదు.

"జీవుల వల్ల తప్ప పుట్టని వాయువు" అన్నది మూడో మాట. భూమి మీద చూస్తే ఇందులో నిజం ఉంది. డైమిథైల్ సల్ఫైడ్ మనకు ఎక్కువగా సముద్రంలోని వృక్షప్లవకాల వల్ల, అంటే నీటిలో తేలే అతి చిన్న మొక్కల్లాంటి జీవుల వల్ల వస్తుంది. విశాఖలోనో బాపట్లలోనో ఒడ్డున నిలబడినప్పుడు ముక్కుకు తగిలే సముద్రపు వాసనలో దీని పాలు ఉంది. క్యాబేజీ ఉడికేటప్పుడు వచ్చే వాసన కూడా ఇదే. అయితే భూమి మీద నిజమైనది అంతటా నిజం కావాలని లేదు. 67పి అనే తోకచుక్క చుట్టూ తిరిగిన రోసెట్టా అనే అంతరిక్ష నౌక పంపిన కొలతల్లో ఇదే వాయువు ఉందని 2024లో తేలింది. మంచూ దుమ్మూ కలిసిన ఆ ముద్ద మీద ప్లవకాలు లేవు. నక్షత్రాల మధ్యనున్న వాయుమేఘంలోనూ ఈ అణువును గుర్తించారు. ప్రయోగశాలలో మీథేన్, హైడ్రోజన్ సల్ఫైడ్ వంటి వాయువుల మీద అతినీలలోహిత కాంతి పడనిస్తే, జీవి అన్నది ఏదీ లేకుండానే ఇది తయారైంది. మీథేన్ కె2-18బి మీద కావలసినంత ఉంది. పక్కనున్న నక్షత్రం నుంచి అతినీలలోహిత కాంతీ పడుతోంది.

మన తర్కశాస్త్రం మొదటి పాఠంలోనే కొండ, పొగ, నిప్పు వస్తాయి. కొండ మీద పొగ ఉంది, కాబట్టి నిప్పు ఉంది. ఇలా గుర్తును బట్టి తేల్చడాన్ని తర్కంలో అనుమానం అంటారు. అది నిలవాలంటే రెండు కావాలి. ఒకటి, కనిపించింది నిజంగా పొగే అయి ఉండాలి. తెల్లవారుజామున కొండకు పట్టిన మంచును చూసి పొగ అనుకుంటే అది హేత్వాభాసం, అంటే కారణంలా కనిపించే తప్పు కారణం. రెండు, పొగ ఉన్న ప్రతి చోటా నిప్పు ఉండి తీరాలి, దీన్నే వ్యాప్తి అంటారు. కె2-18బి మీద కనిపించింది పొగో మంచో ఇంకా తేలలేదు, తొంభై వాయువుల జాబితా చెప్పింది అదే. తేలినా వ్యాప్తి లేదు, తోకచుక్క చెప్పింది అదే. ఈ రెండు ప్రశ్నలూ అడగడానికి ఖగోళశాస్త్రంలో పట్టా అక్కర్లేదు. వందల ఏళ్లుగా మన పాఠశాలల్లో కుర్రవాళ్లు అడుగుతూ పెరిగిన ప్రశ్నలే ఇవి.

సముద్రం మాట. ఆ గ్రహం బరువు భూమికి 8.6 రెట్లు, వ్యాసం 2.6 రెట్లు. దీన్నిబట్టి సాంద్రత తెలుస్తుంది. ఆ సాంద్రత చాలా రకాల గ్రహాలకు సరిపోతుంది. హైడ్రోజన్ పొర కింద మహాసముద్రం ఉండవచ్చు, ఇది మధుసూదన్ 2021లో ప్రతిపాదించిన నమూనా. సముద్రమే లేకుండా మందపాటి వాయువుల కింద అణగిపోయిన, నెప్ట్యూన్ లాంటి చిన్న గ్రహం కావచ్చు. అడుగున కరిగిన రాతి సముద్రం ఉన్నా వెబ్ కొలతలు సరిపోతాయని మరో బృందం చూపించింది. ఈ గ్రహం మీద మనం ఒకసారి ఇప్పటికే తొందరపడ్డాం. 2019లో హబుల్ టెలిస్కోపు కొలతలను చూసి అక్కడ నీటి ఆవిరి దొరికిందని ప్రపంచమంతా పతాక శీర్షికలు పెట్టింది. నాలుగేళ్ల తర్వాత వెబ్ మరింత నిశితంగా చూస్తే, నీటి ఆవిరి అనుకున్నది మీథేన్ అని తేలింది. హబుల్ చూడగలిగిన కాంతిలో రెండింటి గుర్తులూ ఒకదాని మీద ఒకటి పడతాయి.

చివరిది నాసా మీద ఆరోపణ. దాచిపెట్టి ఉంటే ఆ మూడు బృందాల చేతికి కొలతలు ఎలా వచ్చాయి? వెబ్ సేకరించినవి బయట అందుబాటులో ఉన్నాయి కాబట్టే వాళ్లు మళ్లీ లెక్కించగలిగారు. ఇక నాసా అలవాటు సంగతి. 1996 ఆగస్టులో, అంటార్కిటికాలో దొరికిన అంగారక శిలలో సూక్ష్మజీవుల గుర్తులు ఉండవచ్చని నాసా స్వయంగా విలేఖరుల సమావేశం పెట్టి చెప్పింది. అధ్యక్షుడు క్లింటన్ శ్వేతసౌధం దగ్గర నిలబడి దాని గురించి మాట్లాడారు. తర్వాతి పరిశోధనల్లో ఆ గుర్తులకు జీవంతో పనిలేని కారణాలు కనిపించాయి. దాచడం కన్నా తొందరపడి చెప్పడమే అక్కడ జరిగింది.

భారతీయుడు కాబట్టి ఒప్పుకోవడం లేదన్న మాట నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది. మధుసూదన్ వారణాసిలో ఇంజనీరింగ్ చదివి, అమెరికాలోని ఎంఐటీలో పరిశోధన చేసి, ఈ రంగంలో ముందువరుసకు చేరిన శాస్త్రవేత్త. ఆయన ఆ పత్రంలో జీవం కనుగొన్నామని రాయలేదు. ఇంకా పరిశీలనలు కావాలని అడిగారు. 2025 జులైలో రెన్యూ హు అనే శాస్త్రవేత్త నాయకత్వంలోని బృందం మరిన్ని వెబ్ కొలతలతో ఇంకో పత్రం విడుదల చేసింది. ఆ గ్రహం లోపల నీరు సమృద్ధిగా ఉన్నట్లుందని, డైమిథైల్ సల్ఫైడ్‌కు మాత్రం గట్టి ఆధారం లేదని అందులో ఉంది. ఆ పత్రం రచయితల్లో నిక్కు మధుసూదన్ పేరు ఉంది. తన సంకేతం బలాన్ని తగ్గించే పత్రం మీద తానే సంతకం పెట్టిన మనిషిని, పరాయివాళ్ల అసూయకు బలైనవాడిగా చూపించడం ఆయనకు గౌరవం ఎలా అవుతుంది?

మా పిల్లలను ఆ సందేశం చెరిపేయమనలేదు. మార్చి పంపమన్నాను. ఇద్దరు అమ్మాయిలు కూర్చుని రాసినది ఇది: "124 కాంతి సంవత్సరాల దూరంలోని కె2-18బి గాలిలో మీథేన్, కార్బన్ డయాక్సైడ్ ఉన్నాయని వెబ్ టెలిస్కోపు 2023లో చూపించింది. మనకు చేరిన ఆ కాంతి మన ముత్తాతల కాలంలో బయలుదేరింది. మూడో వాయువు ఉందో లేదో ఇంకా వెతుకుతున్నారు."