‘ఐచ్ఛికం’ అని రాసి చేతులు దులుపుకోవద్దు

మణిపురిలో ‘నేను’ అంటే ‘ఐ’. అదే మనిషి ఇంకోసారి ‘ఐన’ అంటాడు. చివర చేరిన ఆ ‘న’ పని చేసిందెవరో చూపే ప్రత్యయం. చాలా వాక్యాల్లో అది ఉన్నా తప్పు లేదు, లేకున్నా తప్పు లేదు. మణిపురి, టిబెటన్ లాంటి భాషలున్న టిబెటో-బర్మన్ కుటుంబంలో ఇలాంటి ప్రత్యయాలు ఎన్నో. వ్యాకరణ గ్రంథాలు వాటికి తగిలించే విశేషణం ఒకటే: ఐచ్ఛికం. ఈ మాటను వదిలేయాలంటాను. మాట్లాడేవాడి ఇష్టం అనగానే, ఆ ఇష్టం వెనక ఏముందని అడిగేవాడు ఉండడు.

లాసా టిబెటన్‌ను చూడండి. అక్కడ ‘నేను’ అంటే ‘ఙ’. చిన్నప్పుడు వర్ణమాలలో దిద్ది, ఆ తర్వాత మనం దాదాపు మరిచిపోయిన అక్షరమే. కర్తృ ప్రత్యయం చేరితే అది ‘ఙే’ అని వినిపిస్తుంది. జరిగిపోయిన పని గురించి సకర్మక క్రియతో చెబితే ‘ఙే’ తప్పదు. జరగబోయే పని దగ్గరే వెసులుబాటు. ‘వంట చేస్తాను’ అని ఊరికే చెప్పేవాడికి ప్రత్యయం అక్కర్లేదు. ‘నువ్వు కూర్చో, వంట నేను చేస్తాగా’ అనేవాడికి కావాలి. భాషాశాస్త్రవేత్త నికోలా తూర్నాద్ర్ 1991లోనే ఈ వాడుకను వక్త ఉద్దేశంతో ముడిపెట్టి చూపారు. మణిపురి ‘న’ కర్తను చూపడం దగ్గర ఆగక, కొత్త సమాచారాన్ని ఎత్తి చూపే పనికీ వస్తోందని మరో భాషాశాస్త్రవేత్త శోభన చెల్లయ్య వివరించారు. ఇంత తెలిశాక కూడా ‘ఐచ్ఛికం’ ఏమిటి?

మన మాటల్లోనే చూసుకుందాం. ‘వస్తాను’, ‘నేను వస్తాను’, ‘నేనే వస్తాను’. మూడూ ఒప్పే. అయినా ఒకదాని చోట ఇంకొకటి అంటే ఎదుటివాడి ముఖం మారుతుంది. ‘పుస్తకం చదివాను’ అనేవాడూ ‘పుస్తకాన్ని చదివాను’ అనేవాడూ ఒకే సంగతి చెప్పడం లేదు.

ఇంకో ముచ్చట. మణిపురి ‘న’ కర్తకే కాదు, పనిముట్టుకూ చేరుతుంది. టిబెటన్‌లోనూ అంతే. ‘కర్తృకరణయోస్తృతీయా’ అన్న పాణిని సూత్రం తెలిసినవారికి ఇది కొత్తగా ఉండదు. రాముడి చేత, బాణం చేత: చేసినవాడికీ సాధనానికీ ఒకే విభక్తి. సంస్కృతానికి చుట్టరికం లేని భాషలు కూడా ఈ జతను కలపడం నన్ను ఇప్పటికీ అబ్బురపరుస్తుంది.

ఆ భాష మాట్లాడేవాడినే అడిగితే ‘ప్రత్యయం ఉన్నా లేకున్నా రెండూ ఒకటే’ అంటాడు కదా అని కొందరంటారు. నిజమే, అంటాడు. కానీ అతని ముందు పెట్టింది విడి వాక్యం. ఎవరితో, ఏ గొడవలో, ఎవరు చేశారన్న అనుమానం మధ్య ఆ మాట పుట్టిందో చెప్పకుండా తేడా అడిగితే అతను మాత్రం ఏం చెబుతాడు?

నా అసలు బాధ ఇక్కడే. చిన్న భాషల నుంచి మనం ఎక్కువగా సేకరిస్తున్నది అనువాద వాక్యాలు. హిందీలోనో ఇంగ్లిష్‌లోనో ప్రశ్న, అటునుంచి ఒక్క వాక్యం జవాబు. యంత్రాలకు భాష నేర్పే పని మొదలయ్యాక ఈ అలవాటు మరీ ముదిరింది. మణిపురి 1992లో రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లో చేరింది. 2011 జనగణన ప్రకారం 17 లక్షలకు పైగా జనానికి మాతృభాష. 2022లో గూగుల్ అనువాదంలోకీ వచ్చింది. సంతోషమే. అయితే సందర్భం లేని జంట వాక్యాలు లక్షలు పోసినా, ‘న’ ఎప్పుడు రావాలో వాటిలో దొరకదు. అది జగడంలో ఉంటుంది, సాక్ష్యం చెప్పేటప్పుడు ఉంటుంది, అమ్మ పిల్లల తగవు తీర్చేటప్పుడు ఉంటుంది.

ఆదిలాబాద్ గోండి, కొలామి భాషల కోసం పనిచేస్తున్నవారికీ ఇదే చెబుతాను. ప్రశ్నల జాబితా పక్కన పెట్టి, ముందు ఒక పంచాయితీని మొదటి నుంచి చివరిదాకా రికార్డు చేయండి.