కొన్న బిరుదుకు కొడుకే వారసుడా?

ఒక సైనికుడికి రోజుకు 8 పెన్నీల జీతం. 30 మందికి 240 పెన్నీలు, అప్పటి లెక్కలో సరిగ్గా ఒక పౌండు. మూడేళ్లకు, అంటే 1,095 రోజులకు, 1,095 పౌండ్లు. ఇంగ్లండ్ రాజు మొదటి జేమ్స్ 1611 మే 22న ‘బారోనెట్’ అనే కొత్త బిరుదు పెట్టి, దానికి కట్టిన ధర ఇది. ఐర్లండ్ ఉత్తరాన ఉన్న అల్‌స్టర్‌లో స్థానికుల భూములు లాక్కుని తన మనుషుల్ని దింపుతున్న రాజుకు సైన్యం ఖర్చుకు డబ్బు కావాలి. ఏటా వెయ్యి పౌండ్ల రాబడి వచ్చే భూస్వాములకు పేరు ముందు ‘సర్’ కావాలి. బేరం కుదిరింది. అల్‌స్టర్ ఎర్ర చెయ్యి గుర్తు ఈనాటికీ ఆ కుటుంబాల్లో చాలావాటి చిహ్నాల్లో కనిపిస్తుంది. కొడుకు మొదటి చార్లెస్ కూడా తండ్రి దారే పట్టి, 1625లో ఇప్పటి కెనడాలోని నోవా స్కోషియా వలస పేరుతో స్కాట్లండ్‌లో ఇదే బేరం పెట్టాడు.

బారోనెట్‌కు ఆ బిరుదు వల్ల బ్రిటన్ పార్లమెంటులోని ప్రభువుల సభలో సీటు రాదు. అదే ‘సర్’ పిలుపు ఉండే నైట్ అయితే ఆ గౌరవం అతనితోనే పోతుంది. బారోనెట్ బిరుదు మాత్రం తండ్రి పోగానే పెద్దకొడుక్కి, కొడుకులు లేకపోతే తమ్ముడికో, ఎక్కడో ఉన్న దాయాదికో చేరుతుంది. మా అభ్యంతరమంతా అక్కడే.

మన దేశంలో ఈ బిరుదు మొదట అందుకున్నవాడు బొంబాయి పార్సీ వ్యాపారి జంషెడ్‌జీ జీజీభాయ్, 1857లో. పత్తితోపాటు చైనాకు నల్లమందు ఎగుమతి చేసి గడించాడు, ఆసుపత్రులకు, చదువులకు ఉదారంగా ఇచ్చాడు. ఆ బిరుదుకు వచ్చే ప్రతి వారసుడూ తన సొంత పేరు వదిలి జంషెడ్‌జీ జీజీభాయ్ అనే పేరే పెట్టుకోవాలని ఏకంగా చట్టమే చేశారు. అమ్మానాన్నలు పెట్టిన పేరును కూడా బిరుదు మింగేసింది.

తెలుగువాళ్లకు దగ్గరి ఉదాహరణ ఈస్టిండియా కంపెనీ అధికారి థామస్ మన్రో. 1800 నుంచి 1807 వరకు దత్త మండలాల కలెక్టరుగా గుర్రమెక్కి ఊరూరా తిరిగాడు, రైతుతో నేరుగా మాట్లాడి శిస్తు నిర్ణయించాడు. ఆ శిస్తు బరువు తక్కువేమీ కాదు, ఆ మాట దాచకూడదు. అయినా రాయలసీమ జనం ఆయన్ని తలచుకుని పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. మద్రాసు గవర్నరుగా ఉండగా 1825లో బారోనెట్ అయ్యాడు. 1827 జూలైలో, స్వదేశానికి బయల్దేరే ముందు పాత మండలాలను ఒకసారి చూసిపోదామని వచ్చి, పత్తికొండలో కలరాతో కన్నుమూశాడు. బిరుదు ఆయన పెద్దకొడుక్కి వెళ్లింది. అప్పటికి వాడు చిన్నపిల్లవాడు. పత్తికొండ ఎండలో వాడేం కష్టపడ్డాడు?

ఆడపిల్లల సంగతి మరీ అన్యాయం. కిరీటం విషయంలో అన్న అయినా అక్క అయినా ముందు పుట్టినవారిదే హక్కు అని బ్రిటన్ 2013లో చట్టం మార్చుకుంది. బారోనెట్‌ల జోలికి మాత్రం పోలేదు. స్కాట్లండ్‌లోని కొన్ని పాత బిరుదులు తప్ప అన్నీ మగ సంతానానికే. కూతురు ఇంటిని, పొలాన్ని, అప్పుల్ని చూసుకుంటుంది, బిరుదు మాత్రం దూరపు చుట్టానికి పోతుంది. రక్తసంబంధం మీద ఎంత పట్టింపు అంటే, స్కాట్లండ్‌కు చెందిన స్టిచిల్ ప్రింగిల్ వంశంలో బిరుదు ఎవరిదన్న తగువు లండన్‌లోని ఉన్నత న్యాయపీఠం ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. 2016లో డీఎన్‌ఏ పరీక్ష ఆధారంగా తేల్చారు. ఎప్పుడో పోయిన ముత్తవ్వల కాపురాల్ని బయటపెట్టి మరీ!

బ్రిటన్ మాజీ ప్రధాని మార్గరెట్ థాచర్ భర్త డెనిస్‌కు 1990లో ప్రకటించిన బిరుదు తర్వాత ఇంకెవరికీ కొత్తగా ఇవ్వలేదు. అంటే దీని కాలం చెల్లిందని అక్కడి పాలకులకూ తెలుసు. కూతుళ్లకూ ఇవ్వండి అని కొందరు అడుగుతున్నారు. కొడుకు పొందే లాభాన్నే కూతురికి పంచితే అన్యాయం పోతుందా? మన రాజ్యాంగం 18వ అధికరణంతో బిరుదులకు తలుపు మూసింది. బ్రిటన్ ప్రభుత్వం దగ్గర 1910 నుంచి బారోనెట్‌ల అధికారిక జాబితా ఉంది. ఇప్పుడున్నవాళ్లను బతికినంత కాలం ‘సర్’ అని పిలవండి, కాదనం. వాళ్ల తర్వాత ఆ జాబితాలో మరో పేరు ఎక్కించవద్దు.