ఫ్యామిలీ పాసులో అమ్మ లేదు

కుటుంబం అంటే ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు. ఈ సంగతి నాకు నలభై ఆరేళ్లు వచ్చేదాకా ఎవరూ చెప్పలేదు. మొన్న ఆదివారం మధ్యాహ్నం మన వైజాగ్‌లోనే ఒక మ్యూజియం గేటు దగ్గర టేబులేసుకుని కూర్చున్న కుర్రాడు చెప్పాడు. ఏ మ్యూజియమో రాయను, పాసులమ్మే కంపెనీ పేరు అసలే రాయను. వాళ్ల దగ్గర నా ఫోన్ నంబరుంది.

మామూలు కౌంటర్లో పెద్దలకి 70, పిల్లలకి 40. మేం ఐదుగురం: నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, మా అమ్మ. మూడు డెబ్బైలు 210, రెండు నలభైలు 80, వెరసి 290. మూడో క్లాసు లెక్క. ఆ డబ్బులిచ్చేసి లోపలికెళ్లిపోయుంటే నాకీ బీపీ ఉండేది కాదు, మీకీ వ్యాసం ఉండేది కాదు. కానీ పక్కనే ఫ్లెక్సీ: "ఫ్యామిలీ పాస్ 399 మాత్రమే. రెండు మ్యూజియాలు, 24 గంటలు. 5,000 రూపాయల పార్టనర్ ఆఫర్లు ఉచితం". ఉచితం అన్న మాట ఫ్లెక్సీ మీద కనబడ్డాక మనకి మూడో క్లాసు లెక్కలు కూడా రావు. 290తో అయిపోయే పనికి 399 ఇచ్చి, ఐదు వేలు మిగిల్చిన మగాడిలా మా ఆవిడ వైపు చూశాను. ఆవిడ నా వైపు చూళ్లేదు.

పాసుతో పాటు కూపన్ల పుస్తకం ఇచ్చారు. మా వాడి సోషల్ టెక్స్ట్ బుక్ కంటే నున్నటి కాగితం. కళ్లజోడు షాపులో ఫ్రేము కొంటే అద్దాల మీద 15 శాతం తగ్గింపు. ఒక హోటల్లో 1,499 దాటిన బిల్లుకి ఒక వెజ్ సూపు ఉచితం. శని, ఆదివారాలు, పండగ రోజులు, ఏసీ హాలు మినహా. అంటే బుధవారం నాడు చెమట కారుస్తూ పదిహేను వందల తిండి తింటే, ఆ పైన తాగడానికి వేడి సూపు. పళ్ల డాక్టరు దగ్గర ఒక పన్నుకి ఎక్స్‌రే ఉచితం, ఏ పన్నో వాళ్లే తేలుస్తారట. జిమ్ములో మూడు రోజులు ఉచితం, పాసేమో 24 గంటలే చెల్లుతుంది. అన్నిటికన్నా వెనక, అట్ట లోపలివైపు, పేజీ మొత్తం నిండా: భోగాపురం ఎయిర్‌పోర్టు పక్కన ప్లాట్లు, ఉచిత సైట్ విజిట్, భోజనంతో సహా. మన ఊళ్లో "ఎయిర్‌పోర్టు పక్కన" అంటే ఎంత దూరమో వేరే చెప్పాలా, రన్‌వే అంత పొడుగు ప్రపంచంలో ఎక్కడా ఉండదు.

సరే, పాస్ చేతికొచ్చింది, పదండి లోపలికి అన్నాను. కుర్రాడు చాలా మర్యాదగా, "సార్, అమ్మగారు ఫ్యామిలీలో రారండి" అన్నాడు.

మా అమ్మ నవ్వింది. "అదేట్రా, నన్నెప్పుడు తీసేశారు?" అంది.

అమ్మగారికి సీనియర్ సిటిజన్ ఆఫరుంది సార్, సగం రేటే, 35 అన్నాడు. ఇవ్వు నాయనా అన్నాను. ఫ్యామిలీ పాసుతో కలిపి ఇవ్వలేమండి, ఒక ఆఫరుతో ఇంకో ఆఫరు కలపకూడదు, ఆవిడ పేరు మీద విడిగా రిజిస్టర్ చెయ్యాలి, ఆవిడ ఫోన్‌కే ఓటీపీ వస్తుంది అన్నాడు. మా అమ్మ ఫోన్ బటన్ల ఫోను. కొన్న రోజు నుంచి వచ్చిన ప్రతి మెసేజీ అందులో భద్రంగా ఉంది, ఒక రకంగా అదీ మ్యూజియమే. దాంతో ఇన్‌బాక్స్ నిండిపోయి కొత్త మెసేజీ దిగడం లేదు. ఒక్కొక్కటే తీసెయ్యడం మొదలుపెట్టాను. "అది ఎల్‌ఐసీది, ఉంచు" అంది. ఉంచాను. "అది మీ చెల్లెలు పుట్టినరోజుకి పెట్టింది, ముట్టుకోకు." ముట్టుకోలేదు. వెనక లైన్లో ఒకాయన "మాస్టారూ, ఇంట్లో తీసుకోవచ్చు కదా మెసేజీలు" అన్నాడు. ఆయన చేతిలోనూ నా చేతిలో ఉన్న కూపన్ల పుస్తకమే. ఆఖరికి ఐదారు లాటరీ మెసేజీలు తీసేస్తే టింగుమంది. నంబరు గట్టిగా చదివాను, కుర్రాడు కొట్టాడు, ఇన్‌వాలిడ్ సార్ అన్నాడు. మళ్లీ చదివాను. మళ్లీ ఇన్‌వాలిడ్. అప్పుడు మా అమ్మ ఫోన్ లాక్కుని చూసి, "ఒరేయ్, ఇది గ్యాస్ బండ డెలివరీ నంబర్రా" అంది. ఇంటి దగ్గర బండతో వచ్చినవాడు తాళం చూసుకుని వెళ్లిపోయుంటాడు, అది ఆవిడ బెంగ. అసలు ఓటీపీ ఇంకో పావుగంటకి వచ్చింది. దాని ఆయుష్షు రెండు నిమిషాలట, కౌంటరు చేరేలోపే పోయింది.

పోనీ మామూలు టికెట్టే ఇవ్వు, 70 తీసుకో అన్నాను. ఇస్తాను సార్, కానీ పాసుల వాళ్లకి మూడున్నర స్లాటు, మామూలు టికెట్టుకి ఇప్పుడు ఐదుంపావు స్లాటే ఉంది అన్నాడు. మేం వెళ్లి చూసి బయటికొచ్చేశాక ఆవిడ వెళ్లాలన్నమాట, ఒక్కర్తే, మోకాళ్ల నొప్పులతో. పోనీ నేనుండిపోతాను, నా బదులు అమ్మని పంపండి అంటే, పాసు మీద నా ఫొటో ప్రింటయిపోయింది.

"నాకెందుకురా ఇవన్నీ, నేనిక్కడ కూర్చుంటాను, మీరు చూసి రండి" అంది. బయట సిమెంటు బెంచీ మీద, మా అందరి వాటర్ బాటిళ్లూ, చిన్నదాని టోపీ, కూపన్ల పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మేం లోపలికెళ్లాం. నేనూ వెళ్లాను. అది నా సిగ్గు, దానికి ఏ కంపెనీనీ అనను.

ఆ బెంచీ మీద ఎవర్ని కూర్చోబెట్టారో వాళ్లకి తెలుసా? 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు ఈ ఊరి మీద బాంబులేసిన రోజు మా తాత హార్బర్లో కలాసీ. పొయ్యి మీద అన్నం పొయ్యి మీదే వదిలేసి, మా అమ్మమ్మనీ, చంకలో పిల్లనీ, ఒక ఇత్తడి బిందెనీ తీసుకుని, ఊరు ఊరంతా ఖాళీ అవుతుంటే ఆ జనంతో పాటు నడుచుకుంటూ భీమిలి అవతల చుట్టాల ఊరికి పోయాడు. తాత చెప్పిన ఆ రోజు మొత్తం మా అమ్మకి నోటికొచ్చు, ఏ సందులోంచి వెళ్లారో, దారిలో ఎవరు మజ్జిగ పోశారో కూడా. ఆనాడు పడి పేలని బాంబొకటి బీచ్ రోడ్డులో పాత డచ్చి బంగళాలో ఉన్న విశాఖ మ్యూజియంలో పెట్టారు (ఈ పాసు గొడవతో దానికి సంబంధం లేదు), ఊళ్లో పిల్లలందరూ దాని పక్కన నిలబడి ఫొటో దిగుతారు. బాంబుకి లోపల చోటుంది. బాంబు పడితే పరిగెత్తినవాళ్ల కూతురికి స్లాటు లేదు. మీ మ్యూజియంలో పెట్టుకోవాల్సిన మనిషిని గేటు బయట బాటిళ్లకి కాపలా పెట్టించారు కదరా, మీ సూపులు తగలెయ్య!

ఇదేదో చేతకాని ఊరా అంటే కాదు. 31 ఏళ్లు నేవీలో పనిచేసి 2001లో రిటైరైన కుర్సురా జలాంతర్గామిని, 91 మీటర్ల దాన్ని, సముద్రంలోంచి ఇసక మీదికి లాక్కొచ్చి 2002లో మ్యూజియం చేసిన ఊరిది. 2017లో టీయూ-142 విమానాన్ని ఏ ముక్కకా ముక్క విప్పి తెచ్చి, దానికెదురుగా రోడ్డవతల మళ్లీ బిగించిన ఊరు. అంతంత ఇనుముని కదిలించగలిగాం, డెబ్బై మూడేళ్ల మనిషిని ఒక గుమ్మం దాటించలేకపోయాం.

తగ్గింపు ఇవ్వడం బ్రహ్మవిద్యేం కాదు. మన పురావస్తు శాఖ కట్టడాలకి 15 ఏళ్లలోపు పిల్లలకి టికెట్టే లేదు. ఒక్క లైను, బోర్డు మీద రాసుంటుంది, అయిపోయింది. పారిస్‌లో మ్యూజియం పాసని ఒకటుంది, దాన్ని చూసే ఇక్కడివాళ్లకి ఈ ఐడియా వచ్చుంటుంది. అందులో కొనేది మ్యూజియాలని. పన్ను ఎక్స్‌రే కోసం అక్కడి లూవ్రు మ్యూజియానికి ఎవడూ పోడు. అక్కడా 18 నిండని పిల్లలకి లూవ్రు ఉచితమే, ఓటీపీ అడిగినట్టు నేనెక్కడా వినలేదు. వాళ్ల దగ్గర్నుంచి మనవాళ్లు పాసు అన్న మాట తెచ్చుకున్నారు, మ్యూజియం అక్కడే వదిలేసి వచ్చారు.

పాసులోని రెండో మ్యూజియం సంగతి మర్చిపోయాను. ఆదివారం మూడున్నరకి మొదలైన 24 గంటలు సోమవారం మూడున్నరకి అయిపోతాయి. సోమవారం మ్యూజియానికి సెలవు. ఫోన్ చేసి అడిగితే, "సార్, పాసైతే వ్యాలిడే సార్, మ్యూజియమే ఓపెన్ ఉండదు" అన్నారు. తప్పుపట్టడానికి ఎక్కడా సందు లేదు.

అలా పాసు గడువు తీరిపోయింది. ఫోన్లకి మాత్రం గడువు లేదు. నాకు కళ్లజోడు వాళ్లు చేస్తున్నారు, జిమ్మువాళ్లు చేస్తున్నారు, ఒకమ్మాయి అయితే "మీ పన్ను ఇంకా పెండింగ్‌లో ఉంది సార్" అంటుంది. మా అమ్మ నంబరేమో ప్లాట్లవాళ్లకి వెళ్లింది. టికెట్టుకి పనికిరాని ఆ బటన్ ఫోను ప్లాట్లకి బ్రహ్మాండంగా పనికొచ్చింది. మొన్న పొద్దున్న చిక్కుడుకాయలు వలుస్తూ, ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని ఎవరికో చెబుతోంది, హార్బరు, విమానాలు, పొయ్యి మీద అన్నం, ఇత్తడి బిందె, మజ్జిగతో సహా. అవతలివాడు ఊఁ కొడుతున్నాడు. మ్యూజియంలో ఎవరూ అడగని కథని ఇంతసేపు వింటున్న పుణ్యాత్ముడెవడా అని స్పీకర్ పెట్టమన్నాను.

"అమ్మా, తాతగారు వెళ్లిన ఆ ఊళ్లో స్థలం ఇంకా మీ పేరు మీదే ఉందాండీ?" అంటున్నాడు.