ఏడు రోజుల్లో బ్రోకరేజీ అట!

పొద్దున్నే వాట్సాప్ తెరిస్తే ఒక గ్రూపులో ఎనిమిది పేజీల పీడీఎఫ్. "మీ సొంత ఫారెక్స్ బ్రోకరేజీ, 7 రోజుల్లో!" అట్ట మీద అద్దాల మేడ, నీలం లైట్లు, చెవికి హెడ్‌సెట్ పెట్టుకుని నవ్వుతున్న తెల్లావిడ. కరెన్సీలు, గోల్డ్, క్రూడ్ లాంటివాటి మీద జనం ట్రేడ్ చేసుకునే కంపెనీ పెట్టిస్తారట. లోపల ధరల పట్టిక. ప్లాట్‌ఫామ్ ఇంత, వెబ్‌సైటు ఇంత, సీఆర్ఎం (క్లయింట్ల వివరాలు చూసుకునే సాఫ్ట్‌వేర్) ఇంత. చివరి వరుసలో "లిక్విడిటీ: ఉచితం". దాని కింద మనవాళ్లు వరసగా "ఇంట్రెస్టెడ్ బ్రో", "డీటెయిల్స్ ప్లీజ్ అన్నా".

ఉచితమట! క్లయింటు ఆర్డరుకు అవతల నిలబడి ధర ఇచ్చే పెద్ద సంస్థల సరుకు, లిక్విడిటీ అంటే. లిక్విడిటీ ఏమన్నా పెళ్లి భోజనంలో పెరుగా, అడక్కుండా వడ్డించుకుంటూ పోవడానికి?

అసలు ఏడు రోజుల్లో వీళ్లిచ్చేది ఏంటో ముందు చూద్దాం. ఎంటీ5 (మెటాట్రేడర్ 5 అనే ట్రేడింగ్ ప్లాట్‌ఫామ్) అంటే ఫోన్లో కనిపించే చార్టు ఒక్కటే కాదని ఈ గ్రూపులో సగం మందికి తెలీదు. వెనకాల ట్రేడ్ సర్వర్, హిస్టరీ సర్వర్, బ్యాకప్ సర్వర్, క్లయింట్లు వచ్చి తగులుకునే యాక్సెస్ సర్వర్లు ఉంటాయి. అవన్నీ మీ పేరు మీద పెట్టుకుంటే సొంత లైసెన్సు. ఏడు రోజుల సరుకు అది కాదు, వైట్ లేబుల్. ఇంకొకడి సర్వర్ మీద మీకు నాలుగు గ్రూపులు (క్లయింట్ ఖాతాల విభాగాలు) కేటాయించి, టెర్మినల్ మీద మీ లోగో అతికించి, మేనేజర్ లాగిన్ ఒకటి చేతిలో పెడతారు. అడ్మినిస్ట్రేటర్ లాగిన్ వాళ్ల దగ్గరే ఉంటుంది. స్వాప్ (ట్రేడును రాత్రి దాటించి ఉంచితే పడే వడ్డీ) మార్చాలన్నా, సింబల్ (గోల్డ్ లాంటి ట్రేడ్ సరుకు) ఆపాలన్నా టికెట్ రాసి కూర్చోవాలి. మేకు కొట్టాలంటే ఓనర్ పర్మిషన్ కావాల్సిన అద్దె ఇల్లన్నమాట. ఆ ఓనర్ దుకాణం మూస్తే మీ క్లయింట్ల డేటా కూడా అతని తాళం వెనకే. 

అద్దె ఇల్లు తప్పని కాదు. కొత్తవాళ్లకు అదే నయం. కానీ దానికి "మీ సొంత" అని పేరెందుకు? పోనీ సొంత లైసెన్సు ఉన్నవాడైనా పూర్తి యజమాని కాడు. 2022 సెప్టెంబరులో ఆపిల్ వాడు ఎంటీ4, ఎంటీ5 రెండింటినీ యాప్ స్టోర్‌ నుంచి తీసేశాడు. 2023 మార్చి దాకా తిరిగి రాలేదు. ఆ ఆర్నెల్లూ కొత్త ఐఫోన్ క్లయింటుకు "వెబ్ వెర్షన్ వాడండి సార్" అని నచ్చజెప్పుకోవాల్సి వచ్చింది. ఈ పీడీఎఫ్‌లో ప్రత్యామ్నాయంగా సీట్రేడర్ పేరుగానీ ఇంకో ప్లాట్‌ఫామ్ పేరుగానీ మచ్చుకైనా లేదు.

సరే, ఉచితం సంగతి. లిక్విడిటీ ప్రొవైడర్ (ఎల్‌పీ) ఎవడూ ఊరికే ధర ఇవ్వడు. ట్రేడ్ అయిన మిలియన్‌కు ఇన్ని డాలర్లని కమీషన్ తీసుకుంటాడు, లేదా స్ప్రెడ్‌లోనే (కొనే ధరకూ అమ్మే ధరకూ తేడా) కలిపేస్తాడు. పైగా ముందు మార్జిన్ (హామీ సొమ్ము) డిపాజిట్ కట్టమంటాడు. మధ్యలో ఆర్డర్లు మోసే బ్రిడ్జి వాడికి మళ్లీ విడిగా. ఇవేవీ లేకుండా తెర మీద అంకెలు కదులుతున్నాయంటే అది ఉత్త ఫీడ్. ఆర్డరు గడప దాటదు. మొత్తం బీ బుక్, అంటే క్లయింటు ట్రేడుకు అవతలి పక్షం మీరే. క్లయింటు గెలిచిన ప్రతి డాలరూ మీ జేబులోంచే పోతుంది. బీ బుక్ పాపమేం కాదు, పేరున్న బ్రోకర్లే కొంత ఫ్లో (ఆర్డర్లు) లోపల ఉంచుకుంటారు. దాన్ని "ఉచిత లిక్విడిటీ" అని అమ్మడం మాత్రం, ఇన్సూరెన్స్ లేని బండిని "ప్రీమియం మిగులు" అని అంటగట్టినట్టు.

ఆర్డర్లన్నీ ఎల్‌పీకి పంపే "ఏ బుక్" చేస్తే నిద్ర పడుతుందా అంటే అదీ లేదు. క్లయింటు పదివేల డాలర్లు గెలిచాడు. ఎల్‌పీ దగ్గర మీ ఖాతాలోనూ పదివేలు పెరిగాయి. బాగానే ఉంది. కానీ క్లయింటు విత్‌డ్రాయల్ ఈ సాయంత్రమే అడుగుతాడు, ఎల్‌పీ నుంచి డబ్బు కదలడానికి రోజులు పడుతుంది. తిరగేస్తే ఇంకో కథ. క్లయింట్లు ఓడుతుంటే ఎల్‌పీ ఖాతా కరుగుతూ ఉంటుంది, వాళ్లు కార్డు మీద కట్టిన డబ్బు మాత్రం పేమెంటు కంపెనీ దగ్గర చిక్కుకుని ఉంటుంది. ఫారెక్స్ అనగానే హై రిస్క్ ముద్ర కాబట్టి, ప్రతి డిపాజిట్‌లో పదో వంతు దాకా ఆర్నెల్లు రిజర్వుగా పట్టేసుకునే కంపెనీలున్నాయి. ట్రేడులో పోగొట్టుకున్నవాడు బ్యాంకుకెళ్లి "ఈ కార్డు పేమెంట్ నేను చెయ్యలేదు" అంటే చార్జ్‌బ్యాక్ (డబ్బు వెనక్కి), అది అదనం. డబ్బు ఎప్పుడూ కావాల్సిన చోట తప్ప మిగతా అన్ని చోట్లా ఉంటుంది. ఈ వ్యాపారంలో మునిగేది చాలాసార్లు ఇక్కడే, చార్టు దగ్గర కాదు.

ఇక మన ఐబీ గార్లు, అంటే కమీషన్‌కు క్లయింట్లను తెచ్చే ఏజెంట్లు. "లాట్‌కు 8 డాలర్లు ఇస్తేనే మా గ్రూపు మొత్తాన్ని తెస్తా." లెక్క వేద్దాం. యూరో-డాలర్ ఒక లాట్ అంటే లక్ష యూరోలు, ఒక పిప్ (ధరలో 0.0001 కదలిక) అంటే 10 డాలర్లు. ఎల్‌పీ 0.2 పిప్ స్ప్రెడ్ ఇస్తే మీరు 1.2 చూపించారనుకోండి. మీకు మిగిలేది 10. ఐబీ గారికి 8 పోతే 2. ఆ రెండు డాలర్లలోనే ఎల్‌పీ కమీషన్, బ్రిడ్జి, సర్వర్, కార్డు చార్జీలు, ఆఫీసు అద్దె, మనుషుల జీతాలు. ఇవన్నీ పోగా మిగిలితే, దానితో రేంజ్ రోవర్ ముందు నిలబడి రీల్ తీసుకోవచ్చు.

ఇప్పుడు అసలు మంట. పీడీఎఫ్ నాలుగో పేజీలో "సింబల్ కాన్ఫిగరేషన్: 1 రోజు, 200+ ఇన్‌స్ట్రుమెంట్స్". ఒక్క రోజులో రెండొందలు! ఒక్క గోల్డ్ సరిగ్గా పెట్టి చూపించండి, చాలు. ఎంటీ5లో గోల్డ్ ఒక లాట్ అంటే 100 ఔన్సులు, ధరకు రెండు దశాంశాలు. కొందరు ఎల్‌పీలు తమ వైపు ఒక ఔన్సునే ఒక యూనిట్‌గా లెక్కిస్తారు. అలాంటప్పుడు బ్రిడ్జిలో మల్టిప్లయర్ 100 పెట్టాలి. మర్చిపోయి 1 వదిలేశారా, క్లయింటు ఒక లాట్ కొంటే అవతల హెడ్జ్ అయ్యేది (రక్షణగా ఎల్‌పీ దగ్గర కొనేది) ఒక్క ఔన్సు. మిగతా 99 మీ నెత్తిన. గోల్డ్ 20 డాలర్లు పెరిగితే క్లయింటుకు 2000 లాభం, మీకు ఎల్‌పీ దగ్గర వచ్చేది 20. ఘోరం ఏంటంటే ఇది ఎక్కడా ఎర్రగా మెరవదు. క్లయింటు తెర మీద అంతా సరిగ్గానే ఉంటుంది, ఎల్‌పీ స్టేట్‌మెంటులోనూ అంతా సరిగ్గానే ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి ఔన్సులు కూడితే తప్ప తెలీదు. 0.01 లాట్‌తో టెస్ట్ చేసినప్పుడు ఎల్‌పీకి 0.01 ఔన్సే వెళ్లి ఆర్డరు రిజెక్ట్ అవుతుంది, నిజానికి అదే హెచ్చరిక. "చిన్న సైజు కదా, అందుకేలే" అని నవ్వేసి లైవ్‌కి వెళ్తారు. వెండి లాట్ 5000 ఔన్సులు, క్రూడ్ 1000 బ్యారెళ్లు. ప్రతిదానికీ ఈ లెక్క మళ్లీ మొదట్నుంచి చూసుకోవాలి.

పైగా లెవరేజీ (ఉన్న డబ్బుకు ఎన్ని రెట్ల ట్రేడ్ అన్నది) 1:500 అని పసుపు అక్షరాల్లో కొట్టారు. గోల్డ్ 3000 డాలర్లు అనుకుందాం. ఒక లాట్ విలువ మూడు లక్షల డాలర్లు, మార్జిన్ 600. ఖాతాలో వెయ్యి ఉన్నవాడికి స్టాపౌట్ (నష్టం పెరిగితే సర్వరే ట్రేడు మూసే హద్దు) మార్జిన్‌లో 50 శాతం అంటే, ఈక్విటీ (నష్టం పోగా ఖాతాలో మిగిలిన విలువ) 300కు దిగినప్పుడు పొజిషన్ క్లోజ్ అవ్వాలి. అంటే 7 డాలర్ల కదలిక. సోమవారం పొద్దున మార్కెట్ 15 డాలర్ల గ్యాప్‌తో తెరుచుకుందా, నష్టం 1500, ఖాతా మైనస్ 500. క్లయింటు ఫోన్ ఎత్తడు. ఎల్‌పీ మాత్రం తన 1500 తీసుకునే తీరతాడు. ఐరోపాలో 2018 నుంచి రిటైల్ క్లయింటుకు ప్రధాన కరెన్సీ జతల్లో 1:30, గోల్డ్‌లో 1:20 మించకూడదన్నది, మైనస్ బ్యాలెన్స్ క్లయింటు మీద వెయ్యకూడదన్నది ఊరికే కాదు. 2015 జనవరి 15న స్విస్ కేంద్ర బ్యాంకు యూరో 1.20 ఫ్రాంకుల కిందికి దిగకుండా పెట్టిన అడ్డుకట్ట ఎత్తేసిన రోజు క్లయింట్ల ఖాతాలు మైనస్‌లోకి పోయి అల్పారీ యూకే అనే బ్రోకరు కంపెనీ దివాలా తీసింది. వాళ్లేం ఏడు రోజుల బ్రోకరేజీ కాదు.

సర్వర్ టైం గురించి పీడీఎఫ్‌లో ఒక్క ముక్క లేదు. రోజువారీ క్యాండిల్ (చార్టులో ఒక రోజు ధరల గీత) న్యూయార్క్ సాయంత్రం ఐదింటికి మూయాలి, అప్పుడే వారానికి సరిగ్గా ఐదు క్యాండిళ్లు వస్తాయి. అందుకే సర్వర్లు జీఎంటీకి చలికాలం 2 గంటలు, ఎండాకాలం 3 గంటలు ముందుంటాయి. దీన్ని చూసి మన మేధావి విండోస్‌లో తూర్పు ఐరోపా టైం జోన్ ఎంచుకుంటాడు. అంకె సరిపోయింది కదా! కానీ అమెరికా గడియారం మార్చి రెండో ఆదివారం మారుతుంది, ఐరోపాది మార్చి ఆఖరి ఆదివారం. మధ్యలో రెండు మూడు వారాలు క్యాండిళ్లు గంట తేడాతో మూస్తాయి, స్వాప్ తప్పు గంటలో పడుతుంది. అక్టోబరు చివర్లో మళ్లీ ఒక వారం అదే తంతు. రోలోవర్ (తెరిచి ఉన్న ట్రేడ్లు మరుసటి రోజుకు మారడం) ఆ ఐదింటికే, అంటే మనకు ఎండాకాలం తెల్లవారుజామున రెండున్నర, చలికాలం మూడున్నర. బ్యాంకులు ధరలు వెనక్కి తీసుకునే ఆ కొద్ది నిమిషాల్లో స్ప్రెడ్ పది రెట్లు అయినా ఆశ్చర్యం లేదు. స్టాపౌట్లు కొట్టేదీ, తిట్ల మెయిళ్లు వచ్చేదీ అప్పుడే. "24×5 సపోర్ట్" అని రాసిన మహానుభావులు ఆ టైంలో గురక పెడుతుంటారు.

స్వాప్ అన్నాను కాబట్టి అదీ చెప్పుకుందాం. చాలా జతలు రెండు రోజుల్లో సెటిల్ అవుతాయి కనుక శని ఆదివారాల వడ్డీ కలిపి బుధవారం రాత్రి మూడు రెట్లు పడుతుంది. డాలర్-కెనడా డాలర్ ఒక్క రోజులో సెటిల్ అవుతుంది, దానికి మూడు రెట్లు గురువారం. ఎక్సెల్‌లో "బుధవారం" అని పై నుంచి కిందికి లాగి వదిలేసేవాడికి ఇది పట్టదు. క్లయింటుకు ఒక రోజు వేసి, ఎల్‌పీకి ఇంకో రోజు కడుతుంటారు. ఆ తేడా కనిపెట్టి బుధవారం ఒక వైపు, గురువారం ఒక వైపు ఆడుకునే ట్రేడర్లు ఉంటారు. వాళ్లకు అప్పుడు "టాక్సిక్ క్లయింట్" అని పేరు పెడతారు. సెట్టింగు తప్పు పెట్టింది మీరు, విషం వాళ్లా?

ప్లాట్‌ఫామ్ అంటే తెర కాదు, ఆ తెర వెనక పెట్టిన అంకెలు అని ఎన్నిసార్లు చెప్పినా ఎక్కనివాళ్లకు ఒక్క తేదీ చాలు. 2020 ఏప్రిల్ 20. అమెరికా క్రూడ్ మైనస్ 37.63 డాలర్ల దగ్గర సెటిల్ అయింది. ధర సున్నా దాటి కిందికి పోదని సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు అనుకున్నారు. ఇంటరాక్టివ్ బ్రోకర్స్ అంతటి కంపెనీ కస్టమర్లు మైనస్ ధరకు ఆర్డరే పెట్టలేకపోయారు, ఆ కంపెనీకి దాదాపు పది కోట్ల డాలర్ల దెబ్బ. మన దగ్గరో? లాక్‌డౌన్ వల్ల కమోడిటీ ఎక్స్చేంజి ఎంసీఎక్స్ సాయంత్రం ఐదింటికే మూసేసింది, ధర కూలింది రాత్రి. కొని పెట్టుకున్నవాడు తలుపు బయట నిలబడి చూస్తూ ఉండిపోయాడు. చివరికి బ్యారెల్ మైనస్ 2,884 రూపాయలకు సెటిల్ చేశారు. బ్యారెళ్లు కొన్నవాడే ఎదురు డబ్బు కట్టాడు. ఇంత జరిగాక కూడా "200+ సింబల్స్, 1 రోజు".

ఆరో పేజీలో "ప్రాఫిట్ ప్రొటెక్షన్ ప్లగిన్" అని ఒకటుంది. తెలిసినవాళ్లకు వాసన తెలుసు. ఆర్డరును కావాలని కాసేపు పట్టి ఉంచడం, ధర క్లయింటుకు కలిసొస్తే పాత ధరే ఇవ్వడం, ఎదురు తిరిగితే కొత్త ధర ఇవ్వడం. ఒకవైపు జారుడు బల్ల. 2011లో అమెరికా నియంత్రణ సంస్థ ఎన్ఎఫ్ఏ సరిగ్గా ఇలాంటి స్లిప్పేజీ (ధర జారుడు) మీదే ఎఫ్ఎక్స్‌సీఎం అనే బ్రోకరుకు ఇరవై లక్షల డాలర్ల జరిమానా వేసింది. 2017లో "మాకు డీలింగ్ డెస్క్ లేదు" (క్లయింటుకు ఎదురు మేం ఆడం) అన్న మాట అబద్ధమని తేలాక అదే కంపెనీ అమెరికాలో దుకాణం కట్టేసింది. ఇక్కడేమో దాన్ని ఫీచర్ అని బుల్లెట్ పాయింటులో పెట్టి అమ్ముతున్నారు.

ఇదంతా ఒక ఎత్తు. ఎనిమిదో పేజీ ఆఖరి లైను ఒక్కటే ఒక ఎత్తు. "ఇండియా క్లయింట్లకు యూపీఐ రెడీ!"

ఇదిగో, ఏళ్ల తరబడి కడుపు మండేది ఇక్కడే. ఆర్‌బీఐ 2022 సెప్టెంబరులో అనుమతి లేని ఫారెక్స్ ప్లాట్‌ఫాములని 34 పేర్లతో అలర్ట్ లిస్టు పెట్టింది, తర్వాత దాన్ని పెంచుకుంటూనే పోయింది. లిస్టులో పేరు లేనంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదని కూడా చెప్పింది. ఇండియాలో ఉండేవాడు కరెన్సీ ట్రేడ్ చెయ్యాలంటే గుర్తింపు ఉన్న ఎక్స్చేంజీలు, ఆర్‌బీఐ అనుమతించిన ప్లాట్‌ఫాములే దారి. ఎల్ఆర్ఎస్ (విదేశాలకు డబ్బు పంపుకునే ఆర్‌బీఐ పథకం) కింద విదేశీ మార్జిన్‌కు డబ్బు పంపడానికీ వీల్లేదు. మరి "యూపీఐ రెడీ" అంటే ఏంటి? రోజుకో క్యూఆర్ కోడ్. ఒక రోజు కిరాణా కొట్టు పేరు, మర్నాడు ట్రావెల్స్ పేరు. నెలకు ఇంతని అద్దెకు తెచ్చిన ఎవరిదో కరెంటు ఖాతా. అదే ఖాతాలో ఇంకెక్కడో సైబర్ మోసం డబ్బు పడుతుంది, ఆ బాధితుడు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తాడు, పోలీసులు గొలుసు పట్టుకుని వస్తారు. విత్‌డ్రాయల్ అని సంబరపడ్డ మన కుర్రాడి జీతం ఖాతాకు లీన్ (డబ్బు తీయకుండా బ్యాంకు పెట్టే అడ్డు) పడుతుంది. ఈఎంఐ బౌన్స్. ఏ ఊరి సైబర్ సెల్ వాళ్లు ఫ్రీజ్ చేశారో కనుక్కోవడానికే వారాలు.

ఇక ఫంక్షన్ హాల్ బుక్ చేసి, "అన్నా, తమ్ముడూ, జాబ్ మానేసెయ్" అని మైకులో అరిచి, బిర్యానీ పెట్టి ఖాతాలు తెరిపించే ఐబీకి ఏమవుతుంది? ఏమీ కాదు. దుబాయ్ ఫోటో పెడతాడు. లాట్‌కు 8 డాలర్లు మరి! ఫెమా (విదేశీ మారకం చట్టం) కింద ఇరుక్కునేది బటన్ నొక్కినవాడు కూడా అని ఆ మైకులో ఒక్కడూ చెప్పడు. దుబాయ్‌లో, సైప్రస్‌లోని లిమాసోల్‌లో లైసెన్సు ఉన్న బ్రోకర్ల డీలింగ్ డెస్కుల మీద, బ్యాక్ ఆఫీసుల్లో బుద్ధిగా పనిచేసే తెలుగువాళ్లు కూడా ఉన్నారు, ఈ బిర్యానీ బ్యాచ్ వల్ల వాళ్లకు సొంత ఊళ్లో ఏం ఉద్యోగమో చెప్పుకునే మొహం లేకుండా పోయింది.

ఉండబట్టలేక గ్రూపులో ఒక్కటే అడిగాను: "డాలర్-కెనడా మూడు రెట్ల స్వాప్ ఏ రోజు వేస్తారండీ?" రెండు గంటలైంది. నీలం టిక్కులు పడ్డాయి. ఇప్పుడే జవాబొచ్చింది. అదే పీడీఎఫ్. ఈసారి అట్ట మీద "5 రోజుల్లో" అని ఉంది.